ఐదో అక్షరం: ఆర్‌ఎన్‌ఏ మీద గుర్తుల కథ

1960ల తొలినాళ్ళలో ఇటలీలోని నేపుల్స్‌ నగరంలో ఫెరుచ్చో రిటోసా అనే యువ శాస్త్రవేత్త పండు ఈగల మీద పనిచేసేవారు. ఆ ఈగల పిల్లపురుగుల లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు బాగా లావుగా ఉండి మామూలు మైక్రోస్కోపులోనే స్పష్టంగా కనిపిస్తాయి. ఏ జన్యువు చురుగ్గా పనిచేస్తూ ఉంటే అక్కడ క్రోమోజోము ఉబ్బుతుంది. ఒకనాడు రిటోసాకు ఎన్నడూ చూడని చోట్ల కొత్త ఉబ్బులు కనిపించాయి. ఏమిటా అని ఆరా తీస్తే, ప్రయోగశాలలో ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచారని తెలిసింది. ఈసారి కావాలనే వేడి పెంచి చూశారు. నిమిషాల్లోనే అవే చోట్ల అవే ఉబ్బులు. అంటే వేడి తగిలిన కణం చేతులు కట్టుకుని కూర్చోదు, తన జన్యువుల్లో కొన్నిటిని ఉన్నపళంగా నిద్రలేపుతుంది. ఈ సంగతి రాసి ఒక పేరున్న పత్రికకు పంపితే, శాస్త్రలోకానికి ఇది అక్కర్లేని విషయమని తిప్పి పంపారు. 1962లో ఎక్స్‌పీరియెన్షియా అనే పత్రిక అచ్చువేసింది.

ఆ ఉబ్బుల వెనుక కొత్త ప్రొటీన్లు తయారవుతున్నాయని 1974లో తేలింది. వాటికి హీట్ షాక్ ప్రొటీన్లని పేరు. వేడికి కణంలోని ప్రొటీన్లు మడతలు విడిపోయి ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటిని పట్టి నిలబెట్టి, మళ్ళీ సరైన మడతలోకి తెచ్చే పని ఈ హీట్ షాక్ ప్రొటీన్లదని తర్వాతి సంవత్సరాల్లో తెలిసింది. ఈగలోనే అనుకున్న ఈ ఏర్పాటు ఈస్ట్‌లోనూ, మొక్కల్లోనూ, మనిషిలోనూ కనిపించింది.

అయినా ఒక చిక్కుముడి మిగిలింది. వేడి తగలగానే కణం మామూలు ప్రొటీన్ల తయారీని చాలావరకు ఆపేస్తుంది. ప్రొటీన్‌ను కూర్చే రైబోజోములు, జన్యువు రాతను మోసుకొచ్చే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే టోపీ ఆసరాతో పని మొదలుపెడతాయి. వేడిలో ఆ పట్టు సడలుతుంది. మరి అందరికీ పని ఆగిపోయిన వేళ, హీట్ షాక్ ప్రొటీన్లకు మాత్రం రైబోజోములు ఎలా దొరుకుతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబులో ఒక ముఖ్యమైన ముక్క 2015లో దొరికింది. అది దొరకడానికి నేపుల్స్ దారి ఒక్కటే సరిపోలేదు. రిటోసా పనికి పదేళ్ళ ముందే అమెరికాలో, ఈగలతోనూ వేడితోనూ సంబంధమే లేని చోట మొదలైన ఇంకో దారి వచ్చి దీన్ని కలవాల్సి వచ్చింది. నేను చెప్పదలచింది ఎక్కువగా ఆ రెండో దారి గురించే. దాని మీద నడిచినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు.

ఆ చోటు టెనెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం రహస్యంగా కట్టిన ఊరు. వాల్డో కోన్ అక్కడ రసాయన శాస్త్రవేత్త. యురేనియం చీలినప్పుడు పుట్టే రకరకాల మూలకాలను వేరుచేయడానికి ఆయన అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ నింపిన గొట్టాలు వాడేవారు. ద్రావణాన్ని పైనుంచి పోస్తే, విద్యుదావేశాన్ని బట్టి ఒక్కో పదార్థం ఒక్కో వేళకు అడుగునుంచి బయటికి వస్తుంది. సెల్లో వాయించే కోన్ ఆ ఊళ్ళోనే ఒక సింఫనీ ఆర్కెస్ట్రాను నెలకొల్పి నడిపారు కూడా. యుద్ధం ముగిశాక ఆయన అదే గొట్టాల పద్ధతిని ప్రాణుల న్యూక్లియిక్ ఆమ్లాల వైపు తిప్పారు.

ఆర్‌ఎన్‌ఏలో ఎ, జి, సి, యు అనే నాలుగు అక్షరాలే ఉంటాయని అప్పటి పాఠం. దాన్ని అక్షరం అక్షరంగా విడగొట్టి గొట్టంలో పోస్తే నాలుగు రాశులుగా బయటపడాలి. 1951లో కోన్, ఎలియట్ వోల్కిన్ చేసిన ప్రయోగంలో ఈ నాలుగింటిలో దేనికీ చెందని మరో చిన్న రాశి కనిపించింది. అలాంటిదాన్ని మలినమని పక్కన పెట్టేయడం తేలిక. వీళ్ళు పెట్టలేదు, నమోదు చేశారు. 1957లో డేవిస్, ఆలెన్ అనే ఇద్దరు ఈస్ట్ ఆర్‌ఎన్‌ఏలో ఐదో న్యూక్లియోటైడ్ ఉందని ప్రకటించారు. కోన్ పట్టు వదలకుండా దాని నిర్మాణం తేల్చి, సూడోయురిడిన్ అని పేరు పెట్టారు. అది కొత్త పదార్థమేమీ కాదు. మామూలు యు అక్షరమే, చక్కెర నుంచి ఊడి, తిరగబడి, ఇంకో అంచుతో మళ్ళీ అతుక్కుంది. మామూలు యు చక్కెరకు నత్రజని ద్వారా అతికి ఉంటే, ఇది కర్బనం ద్వారా అతికి ఉంటుంది. ఒక్క పరమాణువూ కలవలేదు, ఒక్కటీ పోలేదు. బరువు కూడా తేడా లేదు. అందుకే దాన్ని పట్టుకోవడం తర్వాతి తరాలకూ అంత కష్టమైంది.

వోల్కిన్ గురించి ఒక్క మాట. ఫేజ్ వైరస్ సోకిన బాక్టీరియాలో డీఎన్‌ఏను పోలిన ఆర్‌ఎన్‌ఏ పుడుతోందని 1956లో ఆయనే లజరస్ అస్ట్రాకన్‌తో కలిసి చూపారు. తర్వాత మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అని లోకం పేరు పెట్టినది దాన్నే. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఒక పక్క వాక్యంగా మిగిలిపోయింది.

తర్వాత పదేళ్ళలో ఇలాంటి వింత అక్షరాలు ఇంకా బయటపడ్డాయి. 1965లో రాబర్ట్ హాలీ బృందం ఈస్ట్ నుంచి తీసిన, అలనైన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒక న్యూక్లియిక్ ఆమ్లాన్ని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. ఒక్క గ్రాము శుద్ధ పదార్థం కోసం 140 కిలోల ఈస్ట్ వాడాల్సి వచ్చింది. అందులో సూడోయురిడిన్‌తో పాటు మార్పుచెందిన అక్షరాలు ఇంకా చాలా ఉన్నాయి. హాలీకి 1968లో హరగోబింద్ ఖొరానా, మార్షల్ నిరెన్‌బర్గ్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. ఆ మార్పులు ఎందుకున్నాయన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ ఆకారం నిలవడానికి పనికొస్తాయేమో అనుకుని చాలామంది ముందుకు సాగిపోయారు.

ఈలోగా జపాన్‌లో ఒక మంచి ఆధారం దొరికింది. అక్కడి వేడినీటి ఊటలో పెరిగే థెర్మస్ థెర్మోఫిలస్ అనే బాక్టీరియాను పరిశీలిస్తే, పెరిగే వేడి ఎక్కువయ్యేకొద్దీ దాని ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలో గంధకం చేరిన ఒక అక్షరం కూడా ఎక్కువవుతోంది. ఆ అక్షరం చేరిన ఆర్‌ఎన్‌ఏ మరింత వేడిలోనూ మడత విడిపోకుండా నిలుస్తుంది. 1970ల మధ్యలో వచ్చిన ఈ పని, పరిసరాన్ని బట్టి కణం తన ఆర్‌ఎన్‌ఏ మీద గుర్తులను మారుస్తుందని చాలా సూటిగా చెప్పింది. వినాల్సినంత మంది వినలేదని నా అభిప్రాయం. వేడి ఊటల్లో బతికే సూక్ష్మజీవి కథ కదా, మనకేమిటి అన్నట్టు అది ఒక మూల ఉండిపోయింది.

మళ్ళీ 1974కు వద్దాం. హీట్ షాక్ ప్రొటీన్లు బయటపడిన ఆ సంవత్సరమే మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ డెరోజియర్స్, కరెన్ ఫ్రిడెరిచి, ఫ్రిట్జ్ రాట్‌మన్ ఇంకో సంగతి కనిపెట్టారు. ఎలుక కాలేయ క్యాన్సర్ కణాలకు రేడియోధార్మిక మిథైల్ ఉన్న మిథియోనిన్ తినిపించి, ఆ మిథైల్ ఎక్కడికి చేరిందో చూశారు. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలో, రైబోజోము ఆర్‌ఎన్‌ఏలో మిథైల్ ఉంటుందని అప్పటికే తెలుసు. వీళ్ళు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను విడిగా ఏరి చూస్తే అందులోనూ ఉంది. ఎక్కువగా ఎ అక్షరం మీద, ఆరో స్థానంలోని నత్రజనికి తగిలించి ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని క్లుప్తంగా ఎం6ఎ అంటారు. సగటున ఒక్కో మెసెంజర్ మీద మూడేసి ఉంటాయని లెక్క తేలింది. మెసెంజర్ మీద మిథైల్ ఉన్నట్టు రాబర్ట్ పెర్రీ, డాన్ కెల్లీ కూడా అదే ఏడు చూపారు. మరుసటి ఏడాది, మెసెంజర్ మొదట్లోని టోపీ కూడా మిథైల్ తగిలించిన జి అక్షరమేనని తెలిసింది.

ఈ మిథైల్ అంటే ఒక కర్బనం, మూడు హైడ్రోజన్లు, అంతే. ఇది చేరినంత మాత్రాన ఎ అక్షరం ఇంకో అక్షరం కాదు. రైబోజోము దాన్ని ఎ గానే చదువుతుంది, అదే ప్రొటీన్ తయారవుతుంది. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తాం. లోపలి రాత మారదు. చేతిలో పడగానే దాన్నెలా చూడాలో మాత్రం తెలిసిపోతుంది. ఎం6ఎ అలాంటి గుర్తు. దాన్ని చూసి, ఈ మెసెంజర్‌ను కేంద్రకం నుంచి బయటికి పంపాలా, త్వరగా ప్రొటీన్‌గా మార్చాలా, చించేయాలా అన్నది కణం నిర్ణయించుకుంటుంది.

ఆ మిథైల్ ఎక్కడి నుంచి వస్తుందన్న సంగతిలో మన భీమవరం బిడ్డ పేరు తలచుకోకుండా ఉండలేను. కణంలో మిథైల్‌ను దానం చేసే అణువు ఎస్-అడినోసిల్ మిథియోనిన్. 1950ల తొలినాళ్ళలో జూలియో కాంటోని దీన్ని గుర్తించారు. ఇది మిథియోనిన్, ఏటీపీ కలిసి పుడుతుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరం నుంచి వేరుచేసింది ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. దానం చేసి ఖాళీ అయిన మిథియోనిన్‌కు తిరిగి మిథైల్ అందించే దారిలో ఫోలిక్ ఆమ్లం పనిచేస్తుంది. దాన్ని 1940ల మధ్యలో లెడర్లీ అనే మందుల సంస్థలో తయారుచేసిన బృందాన్ని నడిపించిందీ సుబ్బారావు గారే. ఆర్‌ఎన్‌ఏ మీద ఎం6ఎ పడిన ప్రతిసారీ ఈ రెండు పదార్థాలూ ఆ దారిలో ఉంటాయి.

1974 తర్వాత ఈ రంగం వేగం పుంజుకోవాల్సింది. అలా జరగలేదు. కారణం పనిముట్లు లేకపోవడం. ఆర్‌ఎన్‌ఏను చదవాలంటే ముందు దాన్ని డీఎన్‌ఏగా నకలు తీస్తారు. ఆ నకలు తీసే ఎంజైము ఎం6ఎ ను మామూలు ఎ లాగే చూసి సాగిపోతుంది. నకలులో గుర్తు ఉండదు. అందుకని ఒక కణంలో మొత్తం ఎంత ఎం6ఎ ఉందో చెప్పగలిగారు గానీ, ఏ మెసెంజర్ మీద, ఏ చోట ఉందో చెప్పలేకపోయారు. పోనీ దాన్ని పెట్టే ఎంజైమైనా పట్టుకుందామని రాట్‌మన్ రెండు దశాబ్దాలకు పైగా వెంటపడ్డారు. 1997లో జోసెఫ్ బోకర్‌తో కలిసి దాని జన్యువును వేరుచేశారు. ఇప్పుడు మెటిల్‌-3 అంటున్నది దాన్నే. అంతకాలం ఒక్క ప్రశ్నను పట్టుకుని కూర్చున్న మనిషి లేకపోతే తర్వాతి కథ ఇంత ముందుకు వచ్చేది కాదు.

ఆ ఎంజైము బయటపడ్డాక ఇంకో చోట ఆగిపోయి ఉన్న కథ కదిలింది. న్యూ ఆర్లీన్స్‌లో మేరీ క్లాన్సీ ఈస్ట్‌లో ఐఎంఈ4 అనే జన్యువు మీద పనిచేస్తున్నారు. ఈస్ట్‌కు ఆహారం దొరికినంత కాలం మామూలుగా విభజన చెందుతుంది. పస్తు పెడితే అది దారి మార్చి, గట్టి పొరలో బీజాలుగా మారి కష్టకాలం గడుపుతుంది. ఈ మార్పు జరగాలంటే ఐఎంఈ4 ఉండాలని క్లాన్సీ 1992లోనే చూపారు. కానీ అది చేసే పనేమిటో తెలియదు. మనిషి మెటిల్‌-3 అక్షరాలు వెల్లడయ్యాక, ఐఎంఈ4 దాని చుట్టమేనని తేలింది. 2002లో క్లాన్సీ, బోకర్ కలిసి ప్రకటించారు: పస్తులో ఉండి బీజాలుగా మారే ఈస్ట్ మెసెంజర్ల మీద ఎం6ఎ ఏర్పడుతోంది. ఆకలి అనే కష్టానికి జవాబుగా కణం మెసెంజర్ మీద గుర్తు పెట్టడం అక్కడ కనిపించింది. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. పెద్ద పెద్ద యంత్రాలు రాకముందే, ఈస్ట్‌ను పస్తు పెట్టి తెలుసుకున్నారు.

తర్వాత అంతా వడివడిగా సాగింది. 2007లో ఊబకాయంతో ముడిపడిన జన్యువుగా ఎఫ్‌టీఓ పేరు పత్రికలకెక్కింది. అది చేసే పనేమిటో తేలాల్సి ఉంది. 2011లో షికాగో విశ్వవిద్యాలయంలో చువాన్ హే, గ్విఫాంగ్ జియా తదితరులు ఎఫ్‌టీఓ ఎంజైము ఆర్‌ఎన్‌ఏ నుంచి ఎం6ఎ మిథైల్‌ను తొలగిస్తుందని చూపారు. పెట్టడమే గాక తీసేయడం కూడా ఉందంటే, ఇది శాశ్వతంగా అతికించిన అలంకారం కాదన్నమాట. అవసరాన్ని బట్టి కణం దాన్ని పెడుతుంది, తీస్తుంది. 2012లో ఇజ్రాయెల్‌లో గిడియన్ రెఖావి, డాన్ డొమినిస్సిని బృందం, న్యూయార్క్‌లో సామీ జాఫ్రీ, కేట్ మేయర్ బృందం దాదాపు ఒకేసారి ఒకే ఉపాయం పన్నాయి. ఆర్‌ఎన్‌ఏను చిన్న ముక్కలు చేసి, ఎం6ఎ ను గుర్తుపట్టే యాంటీబాడీతో ఆ ముక్కలను మాత్రం ఏరి, వాటి అక్షరాలు చదివారు. మనిషి జన్యువుల్లో ఏడు వేలకు పైగా జన్యువుల మెసెంజర్ల మీద పన్నెండు వేలకు పైగా గుర్తులు బయటపడ్డాయి. అవి ఎక్కడపడితే అక్కడ లేవు. ప్రొటీన్ రాత ముగిసే చోట గుమిగూడి ఉన్నాయి. అరవై ఏళ్ళుగా రసాయన శాస్త్రవేత్తల గొట్టాల్లో ఉన్న సంగతి, పటం మీద చుక్కలుగా కనిపించేసరికి జీవశాస్త్రం మొత్తం ఇటు తిరిగింది.

ఇక నేపుల్స్ దారి వచ్చి కలిసే చోటు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో షుబింగ్ చియాన్ బృందం జాఫ్రీతో కలిసి ఎలుక కణాలకు వేడి తగిలించి ఎం6ఎ పటం గీసింది. మామూలుగా మెసెంజర్ చివర ఉండే గుర్తులు, వేడి తగిలాక కొన్ని మెసెంజర్ల మొదట్లో, అంటే ప్రొటీన్ రాత మొదలయ్యే చోటికి ముందు, ఎక్కువయ్యాయి. వాటిలో ముఖ్యమైనది హీట్ షాక్ ప్రొటీన్ 70 మెసెంజర్. అక్కడ గుర్తు పడితే రైబోజోముకు టోపీతో పనిలేదు, నేరుగా ఎక్కి కూర్చుంటుంది. మరి కేంద్రకంలో ఎఫ్‌టీఓ కాచుకుని ఉంటుంది కదా, అది గుర్తును తుడిచేయదా? ఇక్కడే కణం చేసే ఏర్పాటు గొప్పది. ఎం6ఎ ను చదివే వైటీహెచ్‌డీఎఫ్‌2 అనే ప్రొటీన్ మామూలు రోజుల్లో కేంద్రకం బయట ఉంటుంది. గుర్తున్న మెసెంజర్లను త్వరగా చించేయడం దాని వృత్తి. వేడి తగలగానే అది కేంద్రకంలోకి వెళ్ళి, కొత్తగా తయారవుతున్న మెసెంజర్ మీది గుర్తులను కప్పి కూర్చుంటుంది. ఎఫ్‌టీఓకు అందనివ్వదు. మామూలు కాలంలో మెసెంజర్లను చింపే చెయ్యే కష్టకాలంలో కాపాడే చెయ్యి అవుతోంది. 2015లో నేచర్ పత్రికలో ఇది వచ్చింది. రిటోసా ఉబ్బులను చూసి అప్పటికి యాభై ఏళ్ళు దాటాయి.

వేడి ఒక్కటే కాదు. అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను దెబ్బతీసిన చోట రెండు నిమిషాల్లోపే ఆర్‌ఎన్‌ఏ మీద ఎం6ఎ పడుతుందని 2017లో యాంగ్ షి బృందం చూపింది. ఈ వేగమే అసలు కీలకం. కొత్త జన్యువును నిద్రలేపి, నకలు తీయించి, ప్రొటీన్‌గా కూర్చడానికి సమయం పడుతుంది. ఉన్న ఆర్‌ఎన్‌ఏ మీద గుర్తు పెట్టడానికి ఒక ఎంజైము, ఒక మిథైల్ చాలు.

మెసెంజర్ల కథ ఇలా ఉంటే, పాత ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ గుర్తులు ఇంకో వింత చూపించాయి. ఎంఐటీలో పీటర్ డెడన్, ఆల్బనీలో థామస్ బెగ్లీ కలిసి ఈస్ట్‌కు హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలించారు. కణంలో ఆక్సిజన్ వల్ల పుట్టే నష్టానికి అది నమూనా. పదుల సంఖ్యలో ఉన్న ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ మార్పులను ఒకేసారి కొలిచి చూస్తే, ఏ విషానికి ఆ విషం ఒక్కో తీరు మార్పులు తెస్తోంది. పెరాక్సైడ్ తగిలినప్పుడు, లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలో సి అక్షరం మీద మిథైల్ పెరిగింది. ఆ ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ చదివేది జన్యువులో టీటీజీ అని ఉండే మూడక్షరాల కోడాన్‌ను. లూసిన్‌కు ఆరు కోడాన్లున్నాయి, ఏది రాసినా వచ్చేది లూసినే. కాబట్టి ఏ కోడాన్ వాడినా ఒకటేనని మనం కాలేజీలో చదువుకున్నాం. కానీ టీటీజీ ఎక్కువగా ఉన్న జన్యువుల ప్రొటీన్లు ఆ కష్టకాలంలో ఎక్కువగా తయారవుతున్నాయి. రైబోజోములోనే ఉండే ఒక ప్రొటీన్‌కు ఈస్ట్‌లో రెండు జన్యువులున్నాయి, రెండూ దాదాపు ఒకేలాంటివి. టీటీజీ ఎక్కువున్నది పెరుగుతోంది, రెండోది పెరగడం లేదు. మిథైల్ పెట్టే ఎంజైమును తీసేస్తే ఆ ఈస్ట్ పెరాక్సైడ్‌ను తట్టుకోలేకపోతోంది. 2012లో వచ్చిన ఈ పనితో, ఒకే అర్థమున్న కోడాన్లు అన్నీ ఒకటేనన్న నమ్మకం సడలింది. జన్యువు రాతలోనే, కష్టకాలంలో చదవాల్సిన పుటలను కణం వేరుగా రాసిపెట్టుకుందన్నమాట.

కోన్ ఐదో అక్షరం ఏమైంది? దాని బరువు యు బరువే కనుక పట్టుకోవడానికి ప్రత్యేక రసాయనం కావాలి. సీఎంసీ అనే పదార్థం సూడోయురిడిన్‌కు అంటుకుని వదలదు, నకలు తీసే ఎంజైము అక్కడ ఆగిపోతుంది. ఆ ఆగిన చోట్లను లెక్కపెట్టి 2014లో ఎంఐటీలో వెండీ గిల్బర్ట్ బృందం, బ్రాడ్ సంస్థలో ష్రాగా ష్వార్ట్జ్ తదితరులు మెసెంజర్ల మీద సూడోయురిడిన్ ఉందని చూపారు. వేడి తగిలిన ఈస్ట్‌లో రెండు వందలకు పైగా కొత్త చోట్ల యు తిరగబడుతోంది. అదంతా చేసేది పస్‌7 అనే ఒక్క ఎంజైము.

కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌ల కథ తెలుగు పత్రికల్లో చాలాసార్లు వచ్చింది కనుక క్లుప్తంగా చెబుతాను. బయటినుంచి వచ్చిన మెసెంజర్‌ను కణం వైరస్‌గా భావించి ఎదురుతిరుగుతుంది. మార్పులు నిండుగా ఉన్న ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు మాత్రం ఎదురుతిరగదు. ఈ తేడా పట్టుకుని వీళ్ళు యు బదులు సూడోయురిడిన్ పెట్టి మెసెంజర్ తయారుచేస్తే అలజడి తగ్గిందని 2005లో రాశారు. కోవిడ్ టీకాలు ఫైజర్, మోడర్నా రెండిటిలోనూ దానికి ఒక మిథైల్ అదనంగా చేర్చిన రూపం వాడారు. 2023లో వీళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. ఇదీ కణం ఒత్తిడి కథలో భాగమే. కల్లోలం పసిగట్టిన కణంలో పీకేఆర్ అనే కావలి ఎంజైము ప్రొటీన్ తయారీని ఆపిస్తుంది. సూడోయురిడిన్ ఉన్న మెసెంజర్‌ను చూసి ఆ కావలి అంతగా ఉలిక్కిపడదు. ఈ రెండు టీకాల్లో ఒకటి వేయించుకున్న కోట్లమంది ఒంట్లోకి కోన్ గుర్తించిన ఆ చిన్న రాశి వారసురాలు చేరింది.

ఈ రంగంలో అన్నీ తేలిపోయాయనుకోకూడదు. తగాదాలు గట్టివే ఉన్నాయి. ఎం1ఎ అనే మరో గుర్తు మెసెంజర్ల మీద వేల చోట్ల ఉందని 2016లో వచ్చింది. మరుసటి ఏడాది ష్వార్ట్జ్ బృందం వెతికితే వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే కనిపించాయి. ఎఫ్‌టీఓ తీసేసేది ముఖ్యంగా ఎం6ఎ కాదు, టోపీ పక్కన ఉండే ఇంకో రూపాన్ని అని 2017లో జాఫ్రీ బృందమే వాదించింది. ఒత్తిడి వేళ కణంలో ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు గుమిగూడి స్ట్రెస్ గ్రాన్యూల్స్ అనే ముద్దలవుతాయి. ఎం6ఎ ఉన్న మెసెంజర్లు వాటిలోకి త్వరగా చేరతాయని 2019లో ఒక బృందం, ఆ ప్రభావం చాలా తక్కువని 2022లో మరో బృందం రాశాయి. యాంటీబాడీ అప్పుడప్పుడు పొరపడుతుంది, నకలు ఎంజైమూ పొరపడుతుంది. ఆ పొరపాటును గుర్తుగా లెక్కించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఎవరిది ఒప్పో గానీ, ఒకరి లెక్కను మరొకరు తిరిగి చేసి, బహిరంగంగా సరిదిద్దుకుంటున్నందుకు ఈ రంగాన్ని నమ్ముతాను.

ఇప్పటికి ప్రాణుల ఆర్‌ఎన్‌ఏలో 170కి పైగా రకాల రసాయన మార్పులు నమోదయ్యాయి. మెటిల్‌-3ని అడ్డుకునే మందు క్యాన్సర్ రోగుల మీద తొలిదశ పరీక్షలకు 2022లో వెళ్ళింది. మనకు ఇంకా దగ్గరి సంగతి వరి. చువాన్ హే, గ్విఫాంగ్ జియా, చైనాలోని సహచరులు కలిసి మనిషి ఎఫ్‌టీఓ జన్యువును వరిలో, బంగాళాదుంపలో పెట్టి 2021లో ఫలితాలు ప్రకటించారు. పొలం పరీక్షల్లో దిగుబడి దాదాపు 50 శాతం పెరిగింది. వరి వేళ్ళు పొడవుగా సాగాయి, నీటి ఎద్దడిని మెరుగ్గా తట్టుకుంది. మనిషి జన్యువున్న బియ్యాన్ని జనం ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న, తేలిగ్గా తీసిపారేయదగ్గదీ కాదు. అయితే ఎం6ఎ ను పెట్టే, తీసే ఎంజైములు మొక్కలకు సొంతంగానే ఉన్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి రూపొందించిన కమల అనే రకాన్ని 2025లో ప్రకటించారు. అంత నేర్పున్న చేతులు వరి సొంత ఆర్‌ఎన్‌ఏ గుర్తుల మీద కూడా పనిచేయాలి. ఎండల్లో పూతకొచ్చే దాళ్వా వరి ఎలా తట్టుకుంటోందో, అప్పుడు దాని మెసెంజర్ల మీద ఏ గుర్తులు మారుతున్నాయో మన నేలలో, మన రకాల మీద కొలవాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన అంశం వెతుక్కుంటున్న విద్యార్థులు ఈ ప్రశ్నను చేతిలోకి తీసుకోవాలని కోరుతున్నాను.